నీరు తాగే నైలాన్

మా హాస్టల్లో వంటశాల నుంచి భోజనాల వరండాకు అన్నం గుండిగను తీసుకువచ్చే ఇనుప బండి ఒకటి ఉంది. ఒక వేసవిలో దాని పాత ఇత్తడి బుష్షులు అరిగిపోతే, వాటి స్థానంలో లేతు షాపులో తెల్లని నైలాన్ బుష్షులు చేయించి వేశారు. మూడు నెలలు బండి చప్పుడు లేకుండా, గ్రీజు అడగకుండా తిరిగింది. వానలు పడ్డాక ఒక రాత్రి ముందు చక్రం ఒక్కసారిగా పట్టేసింది. బండి ఒరిగి, వేడి గంజి తొణికి, తోస్తున్న మా మిత్రుని పాదం మీద పడింది. బొబ్బలు మానడానికి పది రోజులు పట్టింది. "దూకుడుగా తోశాడు" అని అందరూ అతన్నే అన్నారు. మేమూ అన్నాము.

మరునాడు చక్రం విప్పి చూశాము. బుష్షు విరగలేదు, అరగలేదు, లోపల ఇసుక కూడా లేదు. కాని ఇరుసును గట్టిగా పట్టుకొని కూర్చుంది. ఎండకాలంలో సులువుగా తిరిగిన బుష్షు వానకాలంలో ఎందుకు బిగుసుకుంది? ఈ ఒక్క ప్రశ్న వెంట పోయి మేము తెలుసుకున్న సంగతులను ఈ వార్షికోత్సవ సంచికలో తోటి విద్యార్థులతో పంచుకుంటున్నాము.

మన చుట్టూ నైలాన్

పేరాల అనగానే పెద్దలకు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వాన జరిగిన చీరాల-పేరాల ఉద్యమం గుర్తుకు వస్తుంది. ఆ వెంటనే మగ్గం గుర్తుకు వస్తుంది. ఇది నూలు ఊరు. ఇక్కడ ప్లాస్టిక్ గురించి మాట్లాడడం ఏమిటని మేమూ మొదట అనుకున్నాము. కాని వెతికితే నైలాన్ అడుగడుగునా కనిపించింది. పడుగు పోగులను పైకీ కిందికీ ఎత్తే కంటి దారాలు పూర్వం వార్నీషు పూసిన నూలువి. తరువాత నైలాన్ దారాలు కూడా వాడుకలోకి వచ్చాయి. మరమగ్గంలో నాడెను కొట్టే పిక్కరును పూర్వం గేదె తోలుతో చేసేవారు. దాని పనిని నైలాన్ పిక్కరు అందుకుంది. వాడరేవుకు పోతే వలలు, చీరాల స్టేషనుకు పోతే రైలు పట్టాల బిగింపులు, ఇంట్లో పళ్ళు తోముకునే బ్రష్షు కుచ్చు, వైర్లను కట్టే కేబుల్ టై – అన్నిటిలోనూ ఇదే పదార్థం ఉంది.

బకెట్లు, మగ్గులు చేసే ప్లాస్టిక్కులు వేరు. యంత్రాల్లో లోహానికి బదులుగా బరువు మోసే, రాపిడికి తట్టుకునే ప్లాస్టిక్కులు వేరు. ఈ రెండో రకాన్ని ఇంజనీరింగ్ ప్లాస్టిక్కులు అంటారు. వాటిలో పెద్దన్న నైలాన్.

బెల్లమూ, గుడ్డూ

ప్లాస్టిక్కుల్లో రెండు జాతులు ఉన్నాయి. బెల్లాన్ని వేడి చేస్తే పాకం అవుతుంది, చల్లారితే మళ్ళీ గడ్డ కడుతుంది. ఎన్నిసార్లయినా అలా చేయవచ్చు. కోడిగుడ్డు అలా కాదు. ఒకసారి ఉడికితే అంతే, మళ్ళీ వేడి చేసినా కరగదు. బెల్లం వంటి ప్లాస్టిక్కును థర్మోప్లాస్టిక్ అంటారు, గుడ్డు వంటి దాన్ని థర్మోసెట్ అంటారు. కుక్కరు పిడికి వాడే బేకలైట్ థర్మోసెట్. నైలాన్ థర్మోప్లాస్టిక్. కనుక దాన్ని కరిగించి అచ్చులో పోయవచ్చు, సన్నని రంధ్రాల గుండా దారంగా లాగవచ్చు, కడ్డీగా పోసి లేతు మీద తిప్పి బుష్షు చేయవచ్చు.

పుట్టుక

అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం 1935 ఫిబ్రవరి 28న నైలాన్ 66ను తయారు చేసింది. ఆరు కార్బన్లు ఉన్న ఒక డై అమీన్, ఆరు కార్బన్లు ఉన్న ఒక ఆమ్లం ఒకదాని చేయి ఒకటి పట్టుకొని గొలుసుగా అల్లుకుంటాయి. ఆ రెండు ఆరుల వల్లనే ఈ పేరు. 1938లో జర్మనీలో పాల్ ష్లాక్ కాప్రోలాక్టమ్ అనే ఒకే పదార్థం నుంచి నైలాన్ 6 చేశాడు. 1938లోనే నైలాన్ కుచ్చు గల పళ్ళ బ్రష్షు అమ్మకానికి వచ్చింది. 1940లో మేజోళ్ళు వచ్చాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ దారమంతా పారాచూట్లకు, తాళ్ళకు మళ్ళింది. తన పదార్థం అంగడికి చేరడం కరోథర్స్ చూడలేదు, 1937లోనే మరణించాడు. మన దేశంలో వడోదరలోని గుజరాత్ స్టేట్ ఫెర్టిలైజర్స్ కంపెనీ కాప్రోలాక్టమ్‌నూ, నైలాన్ 6నూ తయారు చేస్తోంది.

బలం ఎక్కడిది?

నైలాన్ అణువు ఒక పొడవైన గొలుసు. దానిలో కొద్ది కొద్ది దూరంలో అమైడ్ అనే ముడి ఉంటుంది. ఒక గొలుసులోని ముడి పక్క గొలుసులోని ముడిని హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటుంది. ఒక్కొక్క బంధం బలహీనమైనదే. కాని వేలాది బంధాలు కలిస్తే గొలుసులు జారిపోకుండా నిలుస్తాయి. అందుకే పాలిథిన్ 110 నుంచి 130 డిగ్రీల దగ్గర కరిగిపోతే, నైలాన్ 6 సుమారు 220 డిగ్రీల దాకా, నైలాన్ 66 సుమారు 260 డిగ్రీల దాకా కరగకుండా నిలుస్తాయి.

ఈ గొలుసులు కొన్నిచోట్ల మగ్గం మీద పడుగులాగా వరుసగా పేర్చుకొని ఉంటాయి. కొన్నిచోట్ల చిక్కుపడిన నూలుచిలపలాగా ఉంటాయి. వరుసగా ఉన్న భాగం గట్టితనం ఇస్తుంది. చిక్కుగా ఉన్న భాగం దెబ్బకు సాగి, పగలకుండా కాపాడుతుంది. ఈ రెండూ కలిసి ఉండడమే నైలాన్ గొప్పతనం.

పోతపోసిన పొడి నైలాన్ ఒక చదరపు మిల్లీమీటరుకు సుమారు 8 కిలోల లాగుడును భరిస్తుంది. అదే నైలాన్‌ను దారంగా తీసి, చల్లారాక నాలుగైదు రెట్లు పొడవుకు సాగదీస్తే చిక్కుపడిన గొలుసులు కూడా లాగిన వైపుకే వరుస కడతాయి. అప్పుడు అదే చదరపు మిల్లీమీటరు 50 కిలోల దాకా మోస్తుంది. పదార్థం మారలేదు, పోగుల అమరిక మారింది. అందుకే ఒక్క నైలాన్ పోగు అంత పెద్ద చేపను ఆపగలుగుతుంది.

నీటితో చుట్టరికం

ఇప్పుడు మా బండి దగ్గరకు వద్దాము. నైలాన్‌కు బలం ఇచ్చిన అమైడ్ ముడికే నీరంటే ఇష్టం. నీటి అణువుకు కూడా హైడ్రోజన్ బంధం కట్టే గుణం ఉంది. గాలిలోని తేమ మెల్లగా చిక్కుగా ఉన్న భాగంలోకి దూరి, రెండు గొలుసుల మధ్య కూర్చుని, వాటి చేతులు విడిపిస్తుంది. గొలుసులు ఎడమవుతాయి. ముక్క ఉబ్బుతుంది, మెత్తబడుతుంది.

ఎంత నీరు తాగుతుంది? మామూలు తేమ గల గాలిలో నైలాన్ 6 తన బరువులో రెండున్నర నుంచి మూడు శాతం దాకా తీసుకుంటుంది. నీటిలో నానబెడితే 9 శాతం దాకా పోతుంది. నైలాన్ 66 కొంచెం తక్కువ తాగుతుంది. పాలిథిన్ దాదాపుగా నీటిని తాగదు. బకెట్టుకు, బుష్షుకు తేడా ఇక్కడే ఉంది.

మేము దీన్ని కేబుల్ టైలతో పరీక్షించాము. స్కూలు ప్రయోగశాల తక్కెడలో 10 గ్రాములు తూగిన టైలను ఒక వారం నీటిలో ఉంచి, తుడిచి తూస్తే 10.5 గ్రాములు వచ్చాయి. వేరే కొన్ని టైలను వేడి పెనం పక్కన పెట్టి బాగా ఎండబెట్టాము. ఎండినవి వంచగానే "టక్"మని విరిగాయి. నానినవి ముడి వేసినా విరగలేదు. ఒకే షాపులో, ఒకే పాకెట్టులో కొన్న టైలు ఇవి. వాటిలో ఏది మంచిది, ఏది చెడ్డది? రెండూ ఒకటే. తేడా లోపలి నీటిలో ఉంది.

ఎండిన నైలాన్ గట్టిది, కాని పెళుసు. నీరు పట్టిన నైలాన్ మెత్తనిది, కాని దెబ్బకు ఓర్చేది. చదరపు మిల్లీమీటరుకు 8 కిలోలని పైన చెప్పింది ఎండిన ముక్క లెక్క. మామూలు గాలిలో నిలవ ఉన్న ముక్కకు అది 5 కిలోల దగ్గరకు తగ్గుతుంది. పుస్తకంలోని పట్టికను చూసి లెక్క వేసేవారు "ఇది ఎండిన ముక్క సంఖ్యా, తేమ పట్టిన ముక్క సంఖ్యా?" అని తప్పక అడగాలి. మన సముద్రతీరంలో తేమ ఎప్పుడూ ఎక్కువే.

నూలుది దీనికి సరిగ్గా ఎదురు గుణం. తడిస్తే నూలు పోగు బలం పెరుగుతుంది. గుంట మగ్గంలో నేల చెమ్మ పడుగు పోగు తెగకుండా కాపాడేది ఇందువల్లనే. తడిసిన నైలాన్ పోగు మాత్రం తన బలంలో పదో వంతుకు పైగా కోల్పోతుంది. ఒక పోగుకు మేలు చేసే చెమ్మ ఇంకో పోగుకు మేలు చేయాలని లేదు.

బుష్షు లెక్క

ఉబ్బితే రంధ్రం పెద్దది కావాలి గదా, ఎందుకు చిన్నదయింది? ఈ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు తికమక పెట్టింది. నిజమే, విడిగా ఉన్న ఉంగరం ఉబ్బితే దాని రంధ్రం కూడా పెద్దదవుతుంది. కాని మా బుష్షు విడిగా లేదు, ఇనుప చక్రం గూటిలో బిగించి ఉంది. బయటకు పోవడానికి ఇనుము దారి ఇవ్వదు. అందుచేత ఉబ్బు అంతా లోపలికి వస్తుంది.

పదవ తరగతి లెక్కతోనే దీన్ని చూడవచ్చు. ఇరుసు వ్యాసం 20 మిల్లీమీటర్లు. బుష్షు బయటి వ్యాసం 30. ఇరుసు తిరగడానికి కొంచెం సందు వదిలి లోపలి వ్యాసం 20.1 చేశారు. అడ్డుకోతలో బుష్షు వైశాల్యం 30 వర్గం నుంచి 20.1 వర్గం తీసివేసిన దానికి అనుపాతంలో ఉంటుంది. అంటే 900 – 404 = 496. పొడవులో ఒక శాతం ఉబ్బే నైలాన్ వైశాల్యంలో రెండు శాతం ఉబ్బుతుంది. 496లో రెండు శాతం సుమారు 10. బయటి 900 మారదు. కాబట్టి లోపలి 404 కాస్తా 394 అవుతుంది. దాని వర్గమూలం 19.85. ఇరుసు 20, రంధ్రం 19.85! చక్రం తిరగకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇది స్థూలమైన లెక్కే. కాని జరిగింది ఇదే. వేసవిలో ఎండి ఉన్న కడ్డీ నుంచి బుష్షు చేశారు. ఆ తరువాత బండిని రోజూ రెండుపూటలా వేడినీళ్ళతో కడిగాము. వేడినీళ్ళలో నైలాన్ ఇంకా త్వరగా నీరు తాగుతుంది. దాని మీద వానకాలపు తేమ తోడయింది.

లేతు పని చేసే ఒక పెద్దాయన మాకు విరుగుడు చెప్పారు. నైలాన్ బుష్షుకు లోహపు బుష్షు కంటే ఎక్కువ సందు వదలాలి. నీళ్ళలో తిరిగే చోటయితే బుష్షును ముందుగా నానబెట్టి, ఉబ్బిన తరువాత చివరి కోత కోయాలి. లేదా నీటిని చాలా తక్కువగా తాగే అసిటాల్ కడ్డీని వాడాలి. షాపుల్లో దాన్ని డెల్రిన్ అని అడుగుతారు. మా బండికి ఇప్పుడు ఎక్కువ సందు గల బుష్షులు ఉన్నాయి.

పట్టాల మీద నైలాన్

చీరాల స్టేషను విజయవాడ – చెన్నై ప్రధాన మార్గంలో ఉంది. సిమెంటు స్లీపరుకు పట్టాను పట్టి ఉంచే వంకర ఉక్కు క్లిప్పు కొన కింద, పట్టా పాదం అంచున ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. దాన్ని లైనర్ అంటారు. సిగ్నలు కోసం పట్టాల్లో విద్యుత్తు పంపే చోట్ల ఈ లైనరును గాజుపోగు కలిపిన నైలాన్ 66తో చేస్తారు.

రెండు పట్టాల్లో కొద్దిపాటి విద్యుత్తు పారుతూ ఉంటుంది. రైలు వచ్చినప్పుడు దాని చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలుపుతాయి. రిలే పడిపోతుంది, వెనుక వచ్చే బండికి సిగ్నలు ఎర్రబడుతుంది. క్లిప్పుల ద్వారా, స్లీపరు ద్వారా విద్యుత్తు కారిపోతే రైలు లేకపోయినా ఉన్నట్లు చూపుతుంది. ఆ కారడాన్ని ఆపే వాటిలో ఈ చిన్న బిళ్ళ ఒకటి. నైలాన్‌లో గాజుపోగులు కలపడం వల్ల గట్టితనం రెండు మూడు రెట్లు పెరుగుతుంది, ఉబ్బు బాగా తగ్గుతుంది, ఎప్పుడూ మీద ఉండే ఒత్తిడికి మెల్లగా సాగిపోయే గుణం కూడా తగ్గుతుంది. అయినా వేల చక్రాల దెబ్బలకు కొన్ని నలుగుతాయి. రైల్వే వారు వాటిని మారుస్తూ ఉంటారు. మిత్రులారా, వీటిని చూడాలంటే ప్లాట్‌ఫారం మీద నుంచే చూడండి. పట్టాల మీదకు దిగవద్దు.

వలలో నైలాన్

వాడరేవు, సూర్యలంక, నిజాంపట్నం తీరాల్లో పూర్వం నూలు వలలే ఉండేవి. నూలును సూక్ష్మజీవులు తింటాయి. అందుకని వలలను చెట్టు బెరడు కషాయంలో ముంచి, ప్రతిసారీ ఆరబెట్టవలసి వచ్చేది. నైలాన్‌ను ఆ సూక్ష్మజీవులు తినవు. పైగా నైలాన్ సాంద్రత 1.14, సముద్రపు నీటిది సుమారు 1.025. కాబట్టి నైలాన్ వల తనంతట తానే మునుగుతుంది. పాలిథిన్, పాలిప్రొపిలీన్ తాళ్ళు తేలుతాయి. ఒక గ్లాసు నీళ్ళలో రెండు రకాల ముక్కలను బాగా తడిపి, నొక్కి వదిలితే మీరే చూడవచ్చు.

కాని కుళ్ళని గుణమే ఇంకో చోట కీడు అయింది. సముద్రంలో తెగిపోయిన నైలాన్ వల ఎన్నో ఏళ్ళు అక్కడే ఉండి, ఎవరికీ అక్కరకు రాకుండా చేపలను, తాబేళ్ళను పట్టి చంపుతూనే ఉంటుంది. సంక్రాంతి గాలిపటాలకు కట్టే నైలాన్ మాంజా కూడా అటువంటిదే. అది తెగదు, పక్షి రెక్కను, మోటారు సైకిలు మీద పోయేవారి గొంతును కోస్తుంది. అందుకే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలో దేశమంతటా సింథటిక్ మాంజాను నిషేధించింది. పాత వలలను ఒడ్డుకు చేర్చి ఇవ్వగలిగితే, నైలాన్ 6ను తిరిగి కాప్రోలాక్టమ్‌గా విడగొట్టి కొత్త దారం చేసే పద్ధతులు ఉన్నాయి.

గుర్తుంచుకోవలసినవి

1. నైలాన్ పెట్రోలుకు, నూనెకు, గ్రీజుకు చెడదు. కాని బ్యాటరీలోని ఆమ్లం దాన్ని తినేస్తుంది. బ్లీచింగు పౌడరు నీళ్ళు కూడా బలం తగ్గిస్తాయి.

2. ఎండ నైలాన్‌కు శత్రువు. వలను, తాడును పని లేనప్పుడు పట్టా కప్పి నీడన ఉంచాలి. పాతబడి పిండి రాలుతున్న తాడుతో బరువు ఎత్తకూడదు.

3. నైలాన్ తాడు బాగా సాగుతుంది. సాగి తెగితే కొరడాలాగా వెనక్కు కొడుతుంది. బరువు లాగుతున్న తాడుకు సూటిగా నిలబడవద్దు.

4. కరిగే నైలాన్ బొట్టు చర్మానికి అంటుకొని లోతుగా కాలుస్తుంది. కాల్చి చూసే పరీక్షలు మాస్టారు లేకుండా చేయవద్దు.

5. 220 డిగ్రీలకు గాని కరగదు గదా అని పొయ్యి దగ్గర వాడవద్దు. కరగక ముందే మెత్తబడుతుంది. వేడిగాలిలో చాలాకాలం ఉంటే పసుపుబారి పెళుసవుతుంది.

నైలాన్‌ను మించిన ప్లాస్టిక్కులూ ఉన్నాయి. పీక్ అనేది సుమారు 343 డిగ్రీల దాకా కరగదు, నీరు అర శాతం కూడా తాగదు. విమానాల్లోనూ, వెన్నెముక ఆపరేషన్లలోనూ వాడతారు. కాని దాని ధర నైలాన్ ధరకు ఎన్నో రెట్లు. అన్నం బండికి అంతటి పదార్థం అక్కరలేదు. కొద్ది సొమ్ములో పోయే పనికి సరైన సందు ఒక్కటి చాలు.

ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు మాకు ఒక సంగతి సిగ్గు కలిగించింది. చక్రం పట్టేసిన రాత్రి మేము బండిని చూడలేదు, మనిషిని చూశాము. ఒక పదార్థం ఎండలో ఎలా ఉంటుంది, వానలో ఎలా ఉంటుంది, బరువు మీద ఎలా ఉంటుంది అని అడగకుండా, చేతికి దొరికిన వాని మీద తప్పు వేశాము. మగ్గం మీద పోగు తెగితే మన పెద్దలు ముందు పోగును, చెమ్మను, బిగింపును చూస్తారు. తరువాతే నేసేవారి చేతిని చూస్తారు. ఆ పద్ధతే సైన్సు. మా మిత్రుడు ఆ రాత్రి బండిని సరిగ్గానే తోశాడు. ఈ మాట అతనికి నోటితో చెప్పాము. పదిమంది చదివే ఈ సంచికలో కూడా రాస్తున్నాము.